డెడ్ అన్న హార్డ్‌డిస్క్: మదర్‌బోర్డు మీది కనెక్టర్ల కథ



ముందు దీన్ని చూడండి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. చేత్తో పట్టుకుంటే అరకిలో దాకా బరువుంటుంది. 80 జీబీ హార్డ్‌డిస్క్. మీ జేబులో ఉన్న ఫోన్‌లోనే ఇంతకన్నా ఎక్కువ జాగా ఉంటుంది, అందుకే దీన్ని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ మొదట నవ్వే వచ్చింది. తెచ్చినాయన మొహం చూశాక ఆగిపోయింది.

ఆయనకు మేడ్చల్‌లో ఫొటో స్టూడియో ఉండేది. ఇప్పుడు జిరాక్సు, ఫ్లెక్సీలు చేస్తున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి అన్న అనే అంటా. 2006లో అన్న ఒక పెళ్లికి ఫొటోలు తీశాడు. పెళ్లికూతురిది శామీర్‌పేట పక్కన ఊరు. అత్తగారిల్లు కొంపల్లి వైపు, ఫాక్స్‌సాగర్ చెరువు కింది కాలనీల్లో. 2020 అక్టోబర్ వానలు గుర్తున్నాయి కదా, ఆ నీళ్లు ఇంట్లోకి వచ్చి పెళ్లి ఆల్బమ్ మొత్తం నానిపోయింది. ఆరబెడితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మరుసటి ఏడాది కరోనాలో ఆమె నాయన పోయాడు. ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప ఆయనది మంచి ఫొటో ఇంట్లో ఒక్కటి లేదు. అప్పగింతలప్పుడు ఆయన బిడ్డ చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఫొటో ఆ ఆల్బమ్‌లో ఉండేదట. "అన్నా, నీ దగ్గరేమన్న కాపీ ఉందా?" అని ఆమె వచ్చి అడిగింది.

అన్న అటక మీద వెతికితే పాత కంప్యూటర్లోంచి విప్పి పెట్టిన ఈ డిస్క్ దొరికింది. రెండు షాపులు తిరిగాడు. రెండు చోట్లా యూఎస్‌బీ కన్వర్టర్‌కి తగిలించి చూశారు, స్క్రీన్ మీద ఏమీ రాలేదు. డెడ్ అన్నారు. రికవరీకి పంపితే పదివేల పైన అవుద్ది, గ్యారంటీ లేదన్నారు. అట్లా చివరికి నా దగ్గరికి వచ్చాడు. "తమ్మీ, నువ్వొక్కసారి చూడరాదు? వీళ్లు ఖతమైందంటున్నరు."

నేను రిపేర్ షాపు వాణ్ణి కాను. పాత మదర్‌బోర్డులు పోగేసే పిచ్చి ఉంది, అంతే. కానీ డిస్క్‌ని వెనక్కి తిప్పి చూడగానే ఒక అనుమానం వచ్చింది. ఆ అనుమానం మీకు అర్థం కావాలంటే యాభై ఏళ్ల కథ ఒకటి చెప్పాలి. మదర్‌బోర్డు మీద హార్డ్‌డిస్క్‌లు తగిలించే ఆ కనెక్టర్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఒక్కోదానికి ఆ ఆకారం ఎందుకు, అదీ ఇవాళ్టి కథ.

ఇదంతా అమెరికా వ్యవహారం కదా, మనకేం సంబంధం అనుకోవద్దు. "ఈసీఐఎల్ ఎక్స్ రోడ్" అని బస్సు బోర్డు మీద రోజూ చదువుతాం. ఆ ఈసీఐఎల్, మన మేడ్చల్, శామీర్‌పేట, అన్నీ 2016 అక్టోబర్ నుంచి ఒకే జిల్లాలో ఉన్నాయి. 1967లో మొదలైన కంపెనీ అది. దాన్ని నిలబెట్టిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు. ఏఎస్ రావు నగర్ అంటున్నామే, ఆ ఏఎస్ రావు ఈయనే. ఏదో ఫ్లాట్ల వెంచర్ పేరనుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1969లో టీడీసీ-12 అని 12 బిట్ల కంప్యూటర్ వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. తర్వాత 1974లో టీడీసీ-312, 1975లో 16 బిట్ల టీడీసీ-316, 1978లో మైక్రో-78. మన పక్క కాలనీలో కంప్యూటర్లు తయారయ్యే నాటికి మన ఊళ్లలో చాలామంది టీవీ కూడా చూడలేదు.

ఆ తరం కంప్యూటర్లలో డిస్క్ అంటే బీరువా అంత యంత్రం. ప్రపంచంలో మొట్టమొదటి హార్డ్‌డిస్క్, 1956 నాటి ఐబీఎం ర్యామాక్, ఒక టన్ను పైన బరువు. 24 అంగుళాల పళ్లేలు 50 పెడితే పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంత. అలాంటి యంత్రానికి ఏ తీగ ఎక్కడ తగిలించాలి అనే ప్రశ్న మామూలు మనిషికి రాదు. తయారు చేసిన కంపెనీ ఇంజనీరే వచ్చి బిగిస్తాడు, చెడిపోతే ఆయనే వచ్చి విప్పుతాడు. కనెక్టర్ ఎట్లా ఉన్నా ఆయనకు తెలుసు.

ఈ లెక్క పీసీలు వచ్చాక మారిపోయింది. బోర్డు ఒకడు చేస్తాడు, డిస్క్ ఇంకొకడు, కేబుల్ మూడోవాడు. వాటిని కలిపేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో స్క్రూడ్రైవర్ పట్టుకున్న కుర్రాడు. ఈ నలుగురూ ఒకరి మొహం ఒకరు చూడరు. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పడానికి వాళ్ల మధ్య ఉన్నది ప్లాస్టిక్ ముక్క ఆకారం ఒక్కటే. అది సరిగ్గా చెప్పకపోతే బోర్డు కాలిపోతుంది, లేదా బతికి ఉన్న డిస్క్‌ని డెడ్ అనేస్తారు.

మొదటి ముక్క ఫ్లాపీది. 1976లో షుగార్ట్ అసోసియేట్స్ అనే కంపెనీ అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ తెచ్చింది, ఎస్ఏ-400 అని. దాని కనెక్టర్‌కి 34 పిన్నులు. ఆ 34 అంకె మన అసెంబుల్డ్ కంప్యూటర్లలో 2010 దాటే దాకా బతికింది. స్క్రీన్ మీద పెడుతున్నా, ఈ కేబుల్ మధ్యలో చూడండి, కొన్ని తీగలు కోసి మెలి తిప్పి మళ్లీ అతికించినట్టు ఉంది కదా. చిన్నప్పుడు నేను ఇది చూసి ఎవడో పాడు చేశాడనుకున్నా. అది ఐబీఎం వాళ్ల తెలివి. ఒకే కేబుల్ మీద రెండు డ్రైవ్‌లు పెట్టాలంటే ఏది ఒకటోది, ఏది రెండోది అని డ్రైవ్ మీద జంపర్లు మార్చాలి. ఫ్యాక్టరీలో ఒక్కోదానికీ ఆ పని ఎవడు చేస్తాడు? అందుకని అన్ని డ్రైవ్‌లనూ ఒకేలా సెట్ చేసి, కేబుల్లోనే తీగలు తిప్పేశారు. మెలిక దాటాక ఉన్నది ఏ డ్రైవ్, మెలికకు ముందున్నది బీ డ్రైవ్. విండోస్‌లో సీ డ్రైవ్ నుంచే ఎందుకు మొదలవుతుంది అని ఎప్పుడైనా అనిపించిందా? ఏ, బీ అక్షరాలు ఈ ఫ్లాపీలవి. మనుషులు పోయినా ఇంటిపేరు మిగిలినట్టు.

అదే అలన్ షుగార్ట్ ఆ కంపెనీలోంచి బయటికి వచ్చి పెట్టిన ఇంకో కంపెనీయే ఇవాళ్టి సీగేట్. 1980లో వాళ్లు ఎస్‌టీ-506 అని 5 ఎంబీ హార్డ్‌డిస్క్ తెచ్చారు. దానికి రెండు కేబుళ్లు, ఒకటి 20 పిన్నులది, ఇంకోటి 34 పిన్నులది. గమనించారా? ఫ్లాపీకీ 34, దీనికీ 34. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మెలిక ఉన్న చోటు మాత్రం వేరు. అటుది ఇటు పెడితే పడుతుంది, కానీ పని చెయ్యదు. పట్టింది కదా అంటే సరైనదే అనుకోవడం అనే తప్పు అప్పటి నుంచే ఉంది. చివర్లో మళ్లీ ఈ మాట దగ్గరికి వస్తా.

ఇక మనవాడు, ఈ 80 జీబీ డిస్క్. దీని వెనక రెండు వరసల్లో 40 పిన్నుల జాగా ఉంది. లెక్కపెడితే 39 ఉంటాయి, మధ్యలో ఒకటి ఉండదు. ఇది ఐడీఈ. పాత తరం డిస్క్‌లకు డిస్క్ ఒకచోట, దాన్ని నడిపే కంట్రోలర్ కార్డు ఇంకోచోట ఉండేవి. రెండింటికీ పొత్తు కుదరకపోతే డేటా గల్లంతు. 1986 ప్రాంతంలో వెస్టర్న్ డిజిటల్, కాంపాక్, కంట్రోల్ డేటా అనే మూడు కంపెనీలు కలిసి ఆ కంట్రోలర్‌ని తీసుకెళ్లి డిస్క్ ఒంటికే అతికించాయి. ఇక మదర్‌బోర్డు మీద తీగలు తగిలించుకునే జాగా ఉంటే చాలు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ అనే కంప్యూటర్ లోపలి తీగలనే దాదాపుగా బయటికి లాగితే వచ్చిన కనెక్టర్ ఇది. అందుకే దీని అసలు పేరు ఏటీ అటాచ్‌మెంట్, పొట్టిగా ఏటీఏ. 1994లో అది అమెరికా స్టాండర్డ్ అయింది. అప్పటికే మార్కెట్లో అందరూ ఐడీఈ అనడం అలవాటు చేసుకున్నారు, ఆ పేరే నిలబడింది.

మన దగ్గరికి ఇది సరైన టైముకి వచ్చింది. 1984 నవంబర్‌లో కొత్త కంప్యూటర్ పాలసీ వచ్చి దిగుమతులు కొంచెం సులువయ్యాయి. 1991 తర్వాత ఇంకా. 1998లో సైబర్ టవర్స్ తెరిచే నాటికి అమీర్‌పేటలో కోర్సులు, వీధికో ఇంటర్నెట్ సెంటర్, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. అదే సీటీసీ, ఒక తరానికి కంప్యూటర్ అంటే సీటీసీయే. శామీర్‌పేట నుంచి పొద్దున బస్సెక్కి పోయి, విడి భాగాలు కొనుక్కుని, ఒడిలో క్యాబినెట్ పెట్టుకుని సాయంత్రం బస్సుకి వచ్చినవాళ్లు నాకు తెలుసు. అందులో ఒకడు మా మేనమామ. కుదుపులకు డిస్క్ పోతుందేమో అని దాన్ని క్యాబినెట్లో పెట్టనివ్వకుండా టవల్లో చుట్టి పట్టుకున్నాడట.

ఐడీఈ కేబుల్ తిరగబెట్టి పెట్టని మనిషి ఆ రోజుల్లో ఉండడు. అందుకే ఆ లేని పిన్ను. ఇరవయ్యో పిన్ను తీసేసి, కేబుల్లో ఆ బొక్క మూసేస్తే తిరగబడితే పట్టదు. ఎర్ర గీత ఉన్న అంచు ఒకటో పిన్ను వైపు. చాలా డిస్క్‌లలో ఆ ఎర్ర గీత పవర్ సాకెట్ వైపు ఉంటుంది. 1999 ప్రాంతంలో వేగం పెంచాల్సి వచ్చి కేబుల్లో తీగలు 40 నుంచి 80 చేశారు, కనెక్టర్‌కి పిన్నులు మాత్రం అవే. అదనపు 40 తీగలూ గ్రౌండ్, పక్క తీగలోకి సిగ్నల్ దూకకుండా మధ్యలో గోడల్లాగా. ఆ కేబుల్‌కి మూడు రంగులు. నీలం మదర్‌బోర్డుకి, నలుపు మాస్టర్‌కి, బూడిద రంగు స్లేవ్‌కి.

మాస్టర్, స్లేవ్. ఈ మాటలు ఇవాళ వినడానికే ఇబ్బందిగా ఉంటాయి. 2003లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆఫీసు, మాకు అమ్మే సామాన్ల మీద ఈ పదాలు వాడొద్దని కంపెనీలను అడిగింది. అప్పట్లో దాన్ని ఎగతాళి చేసినవాళ్లే ఎక్కువ. నాకైతే అడగడం సబబే అనిపిస్తుంది. సరే, పేరు ఏదైనా పని ఇది: ఒకే కేబుల్ మీద రెండు డిస్క్‌లు ఉంటాయి కాబట్టి ఏది మొదటిదో, ఏది రెండోదో డిస్క్ వెనక ఉన్న చిన్న జంపర్ చెబుతుంది. గోరంత ప్లాస్టిక్ టోపీ అది. ఏ స్థానంలో పెడితే ఏంటో డిస్క్ పైన స్టిక్కర్ మీద బొమ్మ వేసి ఉంటుంది.

ఇప్పుడు అన్న డిస్క్ జంపర్ చూడండి. స్లేవ్ స్థానంలో ఉంది. ఎందుకుందో అన్నని అడిగితే టక్కున చెప్పాడు. "మొదటిదాంట్ల విండోసు, ఫొటోషాపు ఉండె. ఫొటోలకని ఇది తర్వాత ఎక్కించినం." అంటే ఇది ఎప్పుడూ రెండో డిస్క్‌గానే బతికింది. దీన్ని ఒంటరిగా యూఎస్‌బీ కన్వర్టర్‌కి తగిలిస్తే ఏమవుతుంది? చాలా కన్వర్టర్లు అటువైపు మాస్టర్ ఉందా అని మాత్రమే అడుగుతాయి. స్లేవ్‌గా ఉన్నది జవాబు చెప్పదు. స్క్రీన్ మీద ఏమీ రాదు. షాపులో కూర్చున్న కుర్రాడు సాటా కాలంలో పుట్టినవాడు, జంపర్ అన్నది ఒకటుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. అతన్ని తిట్టడం లేదు. నన్ను టీడీసీ-316 ముందు నిలబెడితే నేనూ అంతే.

జంపర్ తీసి మాస్టర్‌లో పెట్టా. కన్వర్టర్ మీద నాకు నమ్మకం తక్కువ, అందుకని నా దగ్గరున్న పాత పెంటియం 4 బోర్డు బయటికి తీశా. దాని సంగతి కాసేపట్లో చెప్తా. ముందు, ఐడీఈ ఎందుకు పోయిందో చూద్దాం.

ఇట్లా ఊహించుకోండి. సుచిత్ర నుంచి మేడ్చల్‌కి 16 బైకులు పక్కపక్కన బయల్దేరాయి. మేడ్చల్ చెక్‌పోస్ట్ దగ్గర రూలు ఏంటంటే, 16 మందీ ఒకేసారి గీత దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు. మెల్లగా పోతే ఫరవాలేదు. స్పీడు పెంచేకొద్దీ ఒకడు ముందు, ఒకడు వెనక, పైగా పక్కవాడి హ్యాండిల్ తగులుతుంది. ఐడీఈలో 16 డేటా తీగలు, ఇదే బాధ. సెకనుకు 133 ఎంబీ దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఇంజనీర్లు రోడ్డు వదిలేసి రైలు పట్టాలెక్కారు. ఒకటే పట్టా, డబ్బాలు ఒకదాని వెనక ఒకటి, ఎవడి కోసం ఎవడూ ఆగక్కర్లేదు కాబట్టి ఎంత వేగమైనా పోవచ్చు. అదే సీరియల్ ఏటీఏ, మన సాటా. 2003లో బోర్డుల మీదికి వచ్చింది. 40 పిన్నులు పోయి 7 అయ్యాయి, పంపడానికి రెండు, తీసుకోవడానికి రెండు, మిగిలిన మూడూ గ్రౌండ్. మొదలే సెకనుకు 150 ఎంబీ, తర్వాత 300, 2009 కల్లా 600. ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా ఉన్న నాలుక వల్ల తిరగబెట్టలేం. ఒక కేబుల్‌కి ఒకే డిస్క్, అందుకని మాస్టర్ గొడవా లేదు, జంపర్ గొడవా లేదు. సాటా చేసిన అసలు మేలు వేగం కాదు, ఇదీ అని నా అభిప్రాయం. ఒకే లోపం, ఆ ఎల్ నాలుక ప్లాస్టిక్‌ది. పక్కకి లాగితే ఠక్కున విరుగుతుంది. నిటారుగా లాగండి.

ఇప్పుడు ఈ నాలుగు బోర్డులు చూడండి, వరసగా పెట్టా. మన ఊళ్లలో ఎవరింటి అటక మీద వెతికినా వీటిలో ఒకటి దొరుకుతుంది. మొదటిది ఇంటెల్ 845 చిప్‌సెట్ బోర్డు, పెంటియం 4 కాలంది. రెండు ఐడీఈ కనెక్టర్లు, ఒక ఫ్లాపీ, సాటా లేదు. రెండోది 865, 2003 నాటిది. రెండు ఐడీఈలూ ఉన్నాయి, పక్కనే బిడియంగా రెండు సాటాలు వచ్చాయి. మూడోది జీ31, 2007 తర్వాతది. ఐడీఈ ఒకటే మిగిలింది, సాటాలు నాలుగు. నాలుగోది హెచ్61, 2011. ఐడీఈ మాయం, ఫ్లాపీ మాయం. బోర్డు మీద మోడల్ నంబరు చెరిగిపోయినా ఈ కనెక్టర్లు లెక్కపెట్టి పుట్టిన ఏడాది దగ్గర దగ్గరగా చెప్పొచ్చు, ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పినట్టు. కనెక్టర్ పక్కనే బోర్డు మీద తెల్ల అక్షరాలతో ఐడీఈ1, ఎఫ్‌డీడీ1, సాటా0 అని అచ్చు వేసి ఉంటుంది. దుమ్ము తుడిస్తే చాలు, చాలామంది ఆ పని కూడా చెయ్యరు.

హెచ్61 పేరు చెప్పాను కాబట్టి ఒక సంఘటన. 2011 జనవరి 31న ఇంటెల్ కంపెనీ తన కొత్త 6 సిరీస్ చిప్‌సెట్లలో తప్పుందని బయటపెట్టింది. వాటిలో సాటా పోర్టులు ఆరు, 0 నుంచి 5 వరకు. 0, 1 వేగవంతమైనవి, వాటికి ఏమీ కాదు. 2 నుంచి 5 వరకు ఉన్నవి మాత్రం నెలలు గడిచేకొద్దీ నీరసపడిపోతాయి, డిస్క్ ఒక్కోసారి కనపడకుండా పోతుంది. కారణం లోపల ఒక్క ట్రాన్సిస్టర్‌కి ఎక్కువ వోల్టేజి అందడం. సరిచేసి మార్చి ఇవ్వడానికి 70 కోట్ల డాలర్లు, అమ్మకాల్లో నష్టం 30 కోట్ల డాలర్లు అవుతుందని వాళ్లే అంచనా చెప్పారు. అదే బోర్డు మీద రెండు పోర్టులు మంచివి, నాలుగు చెడ్డవి, చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, రంగు తేడా తప్ప. పోర్టు నంబరు చదవడం తెలిసినవాడు డిస్క్ తీసి 0కి మార్చుకుని పని గడుపుకున్నాడు. తెలియనివాడు కొత్త డిస్క్ కొన్నాడు.

సాటా దాకా వచ్చేసరికి ఆకారం చూసి తెలుసుకోవడం బాగా సులువైంది. తర్వాత మళ్లీ కథ అడ్డం తిరిగింది. ఇది మీ అందరికీ నేరుగా తగిలే ముక్క, జాగ్రత్తగా వినండి.

2013 ప్రాంతంలో ఎం డాట్ టూ అని కొత్త స్లాట్ వచ్చింది. కేబుల్ లేదు, చూయింగ్ గమ్ ముక్కంత కార్డు నేరుగా బోర్డులో గుచ్చి స్క్రూ బిగించడమే. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. కార్డు అంచున బంగారు రంగు పళ్లు, మధ్యలో గాడి. గాడి పక్కన చిన్న ముక్కలో ఆరు పళ్లుంటే దాన్ని బీ కీ అంటారు, అయిదుంటే ఎం కీ. రెండు గాడులూ ఉన్న కార్డులు కూడా ఉన్నాయి. చిక్కు ఎక్కడంటే, ఈ ఒక్క స్లాట్‌లో రెండు వేరు వేరు భాషలు నడుస్తాయి. ఒకటి పాత సాటా. ఇంకోటి ఎన్‌వీఎంఈ, 2011లో మొదటి వెర్షన్ వచ్చింది, ఇది గ్రాఫిక్స్ కార్డు పోయే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో పోతుంది, చాలా వేగం. కొన్ని స్లాట్‌లు రెండు భాషలూ వింటాయి. కొన్ని ఒకటే. బయటికి ఆకారం చూస్తే తెలియదు.

శామీర్‌పేట దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్న తమ్ముడొకడు ఇందులోనే ఇరుక్కున్నాడు. ఆఫర్‌లో తక్కువకి వచ్చిందని ఎం డాట్ టూ ఎస్‌ఎస్‌డీ కొన్నాడు, రెండు గాడులున్నది. అంటే చాలావరకు సాటా. అతని బోర్డు స్లాట్ ఎన్‌వీఎంఈ ఒక్కటే వింటుంది. కార్డు చక్కగా పట్టింది, స్క్రూ కూడా బిగిసింది. బయోస్‌లో కనపడలేదు. ఓపెన్ చేసిన సామాను వాపసు తీసుకోమన్నారు. నెల ఖర్చులోంచి మిగిల్చిన మూడు వేలు. "అన్నా, డెడ్ పీస్ పంపించిండ్రు" అని నాకు ఫోన్ చేశాడు. డెడ్ కాదు తమ్మీ, పాపం అది మాట్లాడుతూనే ఉంది, నీ బోర్డుకి ఆ భాష రాదు. చివరికి ఎం డాట్ టూ సాటా ఎన్‌క్లోజర్ ఒకటి కొని దాన్ని పెన్‌డ్రైవ్‌లాగా వాడుకుంటున్నాడు. 1980లో 34 పిన్నులకు, 34 పిన్నులకు మధ్య జరిగిన పొరపాటే ఇది.

కొనేముందు చూడాల్సింది ఒక్కటే, మీ బోర్డు లేదా లాప్‌టాప్ మాన్యువల్. మోడల్ నంబరు కొడితే కంపెనీ సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. అందులో ఎం డాట్ టూ అని ఉన్న చోట సాటా మోడ్ రాశారా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ రాశారా, రెండూనా. ఇంకో సంగతి, కొన్ని బోర్డులలో ఎం డాట్ టూ నింపితే రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. మాన్యువల్లో చిన్న అక్షరాలతో రాస్తారు. అది చదవక నిక్షేపంలాంటి హార్డ్‌డిస్క్‌లు పారేసినవాళ్లున్నారు. లాప్‌టాప్‌లో పొట్టి స్లాట్ ఇంకోటి కనపడితే సంబరపడకండి, అది చాలావరకు వైఫై కార్డుది.

పారెయ్యడం అన్నాను కదా. పారేస్తే ఎక్కడికి పోతుంది? ఇనుప సామాన్ల బండి అతను కిలో లెక్కన తీసుకుంటాడు. ఈ కనెక్టర్ల పిన్నుల మీద పల్చటి బంగారు పూత ఉంటుంది, ఆ పూత కోసం ఎక్కడో షెడ్డులో యాసిడ్‌లో ముంచేవాళ్లున్నారు, అది చేసే చేతులు చిన్నపిల్లలవి కూడా కావచ్చు. మిగిలింది చెత్తలోకి. హైదరాబాద్ చెత్తంతా వచ్చే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు మన శామీర్‌పేటకి ఎంత దూరమో మీకు చెప్పక్కర్లేదు, గాలి అటు తిరిగిన రోజు ముక్కే చెబుతుంది. 2022 ఈ-వేస్ట్ రూల్స్, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే ఇవ్వాలి. బోర్డు ఇచ్చెయ్యండి. డిస్క్ మాత్రం అందులో ఏముందో చూసుకోకుండా ఇవ్వకండి. మీ ఇంటి ఫొటోలు, బ్యాంకు కాగితాలు వేరేవాళ్ల చేతికి పోతాయి, లేదా అసలు ఎవరి చేతికీ రాకుండా పోతాయి.

సరే, అన్న డిస్క్ దగ్గరికి. 845 బోర్డు బయటికి తీశా అన్నాను కదా. పాత ఎస్‌ఎమ్‌పీఎస్ ఒకటి తగిలించా. డిస్క్‌కి నాలుగు లావు పిన్నుల పవర్ ప్లగ్, పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, మధ్యలో రెండు నలుపు. నీలం కొన బోర్డుకి, నలుపు కొన డిస్క్‌కి. లినక్స్ సీడీ పెట్టి ఆన్ చేశా. డిస్క్ కిర్రుమని తిరిగింది, మధ్యలో టిక్ టిక్ అని రెండుసార్లు చప్పుడు, అది మంచి చప్పుడు కాదు. అన్న నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. బయోస్‌లో డిస్క్ పేరు వచ్చింది.

లోపల పెళ్లిళ్లు, ఊళ్ల పేర్లతో ఫోల్డర్లు. తూంకుంట, ముడుచింతలపల్లి, అలియాబాద్, తుర్కపల్లి. డేటా తీసేటప్పుడు అన్నిటికంటే ముందు కావాల్సిన ఫోల్డరే కాపీ చెయ్యాలి, డిస్క్ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆమె పెళ్లి ఫోల్డర్ తెరిస్తే లోపల రెండు ఉన్నాయి. ఒకటి ఒరిజినల్స్. కాపీ కొడితే ఎర్రర్, మళ్లీ కొడితే మళ్లీ ఎర్రర్. రెండోది సెలెక్షన్ అని ఉంది. ఆల్బమ్ కోసం ఇంటివాళ్లు ఎంచిన ఫొటోలు, సైజు తగ్గించినవి, 64. అవి మొత్తం వచ్చాయి.

అప్పగింతల ఫొటో అందులో ఉంది. ఆయన కెమెరా వైపు చూడట్లేదు. బిడ్డ చెయ్యి అల్లుడి చేతిలో పెడుతూ కిందికి చూస్తున్నాడు, భుజం మీద కండువా జారిపోయి ఉంది. అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అప్పట్ల నాకు ఫ్లాష్ సరిగ్గ సెట్ చేసుడు రాదు తమ్మీ, మొహం జర చీకటొచ్చింది" అన్నాడు. దాన్నే కొంచెం వెలుగు పెంచి, పెద్దగా ప్రింట్ తీసి, తనే బండి మీద తీసుకెళ్లి ఇచ్చాడు.

ఆమె నాకు ఫోన్ చేసింది. "అన్నా, మా నాయనవి ఇంకేమన్న ఉన్నయా దాంట్ల?" ఒరిజినల్స్‌లో ఉండొచ్చమ్మా, తెరుచుకోలేదు అని చెప్పా. ఆ డిస్క్‌ని ఇక నేను తిప్పను, తిప్పిన ప్రతిసారీ ఇంకొంచెం అరుగుతుంది. అన్న ఆ ఫోల్డర్లలో ఉన్న మిగతా ఇళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్లు చేస్తున్నాడు, అందరూ తలా కొంత వేసుకుంటే రికవరీ ల్యాబ్‌కి పంపుదామని. ఇప్పటికి నాలుగిళ్లు సరే అన్నాయి. ల్యాబ్‌కి పోయే దాకా ఇది ఇదిగో, ఈ డబ్బాలో, నా దగ్గరే ఉంటుంది. జంపర్ మాస్టర్‌లో ఉందని స్టిక్కర్ మీద మార్కర్‌తో రాసి పెట్టా.

ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.